తొంభై ఆంపియర్లు

లింగిచెట్టి వీధిలో పదకొండేళ్ళు
వెల్డింగ్ మిషన్లకి బిల్లులు రాశాను.
వెలలన్నీ నోటికొచ్చు.
బరువు మాత్రం ఆ శనివారం దాకా తెలీదు.

నాకొకటి కావాలన్నాను.
సెల్వం చెవి మీంచి పెన్ను తీసి
"ఎవరికక్కా?" అన్నాడు.
నాకేరా.
"అది కాదక్కా, వాడేదెవరు?"
మళ్ళీ అదే చెప్పాను.

అరల మీద ఎర్రవీ పసుపువీ
పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళలా బిగుసుకు కూర్చున్నాయి.
ఒక్కోదాని నుదుటి మీదా రెండొందలు, రెండొందల యాభై.
నుదుట రాసిందంతా నిజమైతే
ఈ కౌంటర్ వెనక నేనెందుకుంటాను?

దావీదు మామ పెరంబూరు పెట్టెల ఫ్యాక్టరీలో
ముప్పై ఏళ్ళు అతుకులేసి రిటైరైనవాడు.
ఎడమ కన్ను ఇప్పటికీ ఎండకి నీరు కారుతుంది.
"నీ ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజు.
నువ్వు కాల్చేది రెండున్నర కడ్డీ.
దానికి తొంభై చాలు.
పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆ తొంభై ఇస్తుందో అడుగు.
ఒక్క నిమిషం రెండొందలిచ్చి
తొమ్మిది నిమిషాలు రొప్పేవాణ్ణి
ఏం చేసుకుంటావే?"
నేను నవ్వాను. మామ నవ్వలేదు.

అయినా పాతదాని మీద మనసు పోయింది.
పుదుపేటలో, కార్ల డోర్ల గుట్ట పక్కన,
నలభై ఐదు కిలోల ట్రాన్స్‌ఫార్మర్.
రాగి చుట్టు, మూడు తరాలు చూస్తుందన్నాడు.
మామ జేబులోంచి బ్లేడు తీసి
తీగ మీది వార్నిష్ కొంచెం గోకాడు.
లోపల తెల్లగా మెరిసింది.
అమ్మేవాడు అటు తిరిగి
అయిపోయిన టీ తాగాడు.

రాగే అయినా
మా మెట్లు మూడంతస్తులు.
వ్యాసర్పాడి మేడలో నేను ఒక్కసారి కడ్డీ గీస్తే
కింద ఆండాళ్ మామి గ్రైండర్
పిండి మధ్యలో మూలుగుతుంది.

చివరికి చిన్న ఇన్వర్టరే కొన్నాను,
చంకలో పెట్టుకుంటే ఏడాది పిల్లంత.
ఆరువేల ఎనిమిదొందలు, నాకని నాలుగొందలు తగ్గించి.
తగ్గినదానికి ఇంకో వెయ్యి కలిపి
మంచి ముసుగు కొనిపించాడు మామ.
"కంటి దగ్గర బేరమాడకు" అని
ఎడమ కన్ను తుడుచుకున్నాడు.
కస్టమర్ పేరు అన్న గడిలో
పదకొండేళ్ళలో మొదటిసారి నా పేరు రాశాను.
జి. సలోమి.
అక్షరాలు కొంచెం పెద్దవయ్యాయి.

మద్రాసు గాలికి కడ్డీలు కూడా చెమరుస్తాయి.
మేడ మీద ఎండబెట్టాను,
ఆండాళ్ మామి వడియాల పక్కనే, ఒక చాప దూరంలో.
కాకి రెండిటినీ చూసి
వడియాలే తీసుకుంది.

మొదటి కడ్డీ అతుక్కుపోయింది.
రెండోదీ.
మూడోదాన్ని ఊడబీకబోతే మిషను కూడా కదిలొచ్చింది.
"గుచ్చకు, అగ్గిపుల్ల గీసినట్టు గీయి.
పోపు చప్పుడు రావాలి" అన్నాడు మామ.
వంట నాకు సరిగ్గా రాదు,
అమ్మ బతికున్నన్నాళ్ళూ తిట్టింది.
కానీ ఆవాలు ఎప్పుడు చిట్లుతాయో
గోడవతల నుంచి కూడా చెప్పగలను.
ఏడో కడ్డీకి వినిపించింది.
ఆకుపచ్చ చీకట్లో
ఒక చిన్న గుంట, ఎర్రగా, నీళ్ళలా కదులుతూ,
నా చెయ్యి ఎటు పోతే అటు వస్తోంది.

మంగళవారం తెల్లారి నాలుగున్నరకి నీళ్ళ లారీ వచ్చింది.
నా బండి దింపాను:
నాలుగు బిందెలకి సరిపడే చట్రం, పాత సైకిలు చక్రాలు రెండు.
ఒక మూల అతుకు కాకిరెట్టలా ఉంది.
లైన్లో ఎవరూ ఏమీ అనలేదు,
అందరి కళ్ళూ పైపు మీదే.

మూడు బిందెలు బండి మీద పెట్టాను.
నాలుగోది చంకనెత్తుకున్నాను.
ఆ మూల మీద
ఇంకా అంత నమ్మకం లేదు.